మ్యూనిక్‌లో యుమ్మా తల ఎత్తిన రోజు

యుమ్మా పోయిందన్న కబురు నాకు మొదట చేరవేసింది సౌదీలోని ఖఫ్జీలో నర్సుగా పనిచేస్తున్న మా అక్క కూతురు. మొన్న ఆదివారం చర్చికి బయల్దేరుతూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఫోను మోగింది. “పిన్నీ, మీ పెద్దావిడ పోయిందంట. నిద్దట్లోనే, ఏ బాధా లేకుండా. ఆవిడ కొడుకు ఆసుపత్రికొచ్చి మరీ నన్ను పిలిపించి, ముందు మీ పిన్నికి చెప్పమన్నాడు,” అంది. కుచ్చిళ్ళు వదిలేసి మంచం మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు గాని మనసు ఎటో తేలిపోయింది. అన్నేళ్ళు బతికిన ఖఫ్జీ ఇల్లు గానీ, అక్కడి సముద్రపు ఉప్పుగాలి గానీ గుర్తుకు రాలేదు. చెట్ల మొదళ్ళలో మంచు ఇంకా ముద్దముద్దగా మిగిలి ఉండగానే, దాని పక్కన ఊదారంగు పూలు నేలలోంచి పొడుచుకొచ్చిన జర్మనీ పట్నం ఒకటి కళ్ళముందు నిలిచింది.

మన ఈడు ఆడవాళ్ళలో గల్ఫు చూసివచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు గనుక, ఖద్దామాగా వెళ్ళడమంటే ఇంటిపని, వంటపని, ముసలివాళ్ళ సేవ అని విడమరచి చెప్పనక్కర్లేదు. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, ఆదివారం పాడుకునే పాటల పుస్తకం మీద వేలుపెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు. ఆ చదువుతోనే గోదావరి ఒడ్డు నుంచి ఖఫ్జీ దాకా వెళ్ళాను. దేవుడు నన్ను మంచి గడపలో వేశాడు. ఆ ఇంటి పెద్దావిడను పిల్లా పెద్దా అందరూ యుమ్మా అనేవారు, మనం అమ్మా అన్నట్టే. పొద్దుటిపూట వంటింటి పక్క గదిలో తలుపు దగ్గరగా వేసుకుని నేను నా ప్రార్థన చేసుకుంటుంటే, మనవలు గోల చేయకుండా ఆవిడే గుమ్మంలో కాపలా కూర్చునేది.

రెండువేల దశకం మొదట్లో, చక్కెర జబ్బుతో యుమ్మాకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటి వెనక పొర ఊడివస్తోందని, అదీ పోతే ఇక చీకటేనని అక్కడి డాక్టర్లు చెప్పారు. చమురు కంపెనీలో పనిచేసే కొడుకు ఆమెను మ్యూనిక్ తీసుకెళ్ళడానికి సిద్ధపడ్డాడు. నా చెయ్యి పట్టుకుంటే తప్ప విమానం మెట్టు ఎక్కనని ఆవిడ మొండికేసింది. అలా, మా ఊరి రేవు దాటితే అదే విదేశమనుకున్న నేను, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా మీద ఆ అబ్బాయి కొనిచ్చిన ఉన్ని కోటు తొడుక్కుని, నోట్లోంచి పొగలొచ్చే చలిలో జర్మనీ నేల మీద దిగాను.

ఆపరేషన్ చేసి, కంట్లో గాలి బుడగ ఒకటి పెట్టారు. ఆ బుడగ పైకి తేలి పొరను అదిమిపట్టాలంటే, పొర అతుక్కునేదాకా యుమ్మా రాత్రీ పగలూ ముఖం కిందికే పెట్టుకుని ఉండాలట. తల ఎత్తితే కన్ను దక్కదని డాక్టరు చెప్పిన మాటను ఆసుపత్రిలోని లెబనాను నర్సు అరబ్బీలో చెప్పింది. యుమ్మా బెదరలేదు సరికదా, నా మీద ఛలోక్తి విసిరింది. “చూశావా బింతీ, మీ మతం డాక్టరు నన్ను రోజంతా సజ్దాలో ఉంచాడు. ఇంక స్వర్గంలో నా చోటు ఎవరూ లాక్కోలేరు!” బింతీ అంటే కూతురా అని, సజ్దా అంటే నమాజులో నుదురు నేలకు ఆనించడం.

మంచం తలవైపు ముఖం ఆనించుకోవడానికి గుండ్రటి ఖాళీ ఉన్న దిండు ఉండేది. నేను దాని కింద నేల మీద దుప్పటి పరచుకుని వెల్లకిలా పడుకునేదాన్ని. పైన ఆమె ముఖం, కింద నా ముఖం. కంటికి కట్టు ఉన్నా నేను అక్కడున్నానని తెలిస్తే ఆమెకు ధైర్యం. కిటికీలోంచి ఏం కనిపిస్తోందో చెప్పమనేది. ఆకుల్లేని చెట్ల కొమ్మలు, వాటి చివర లేత మొగ్గలు, గొడుగు మడుచుకుని ఎండవైపు ముఖం తిప్పి నిలబడ్డ ముసలాయన, ఇలా నా వచ్చీరాని అరబ్బీలో అల్లి చెప్పేదాన్ని. దూరాన గంటలు మోగినప్పుడు నా మాట ఆగిపోయేది. ఎన్నేళ్ళయిందో చర్చి గంట విని! నా కన్నీళ్ళు చెవుల్లోకి జారేవి. గంటలు ఆగాకే యుమ్మా మళ్ళీ కిటికీ సంగతి అడిగేది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒకరోజు తలుపు తట్టి, సౌదీలోనే మరో ఊరైన హఫర్ అల్ బాతిన్ నుంచి భర్త వైద్యానికి వచ్చిన ఒక పెద్దామె కాఫీ ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. తమ దేశపు మనిషి పక్క వార్డులో ఉందని తెలిసి పలకరించడానికి వచ్చిందట. ఆ సీమలో గడపలోకి అతిథి వస్తే, ఎంతటివారైనా లేచి నిలబడి ఎదురెళ్ళి బుగ్గలు ముద్దాడాలి. కూర్చుని పలకరించడం అవమానం. యుమ్మా రక్తంలోనే ఉంది ఆ మర్యాద. సలాం వినపడగానే, నేను దుప్పటి మీంచి లేచేలోపే, ఆవిడ మంచం దిగి తల నిక్కించి చేతులు చాచి నిలబడిపోయింది!

నేను కేకపెట్టి ఆమె మెడ పట్టుకుని వంచాను. ఏ పనిమనిషి చేస్తుంది అలాంటి పని? వచ్చినామె నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది. డాక్టరు వచ్చి కట్టు విప్పి, దీపంతో చాలాసేపు చూసి, ఇప్పుడే ఏమీ చెప్పలేనని తిరిగి కట్టేసి వెళ్ళాడు. కొడుకు గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటూ, “యుమ్మా, ఎందుకు లేచావు?” అని గొణిగాడు. “గుడ్డిదాన్నయితే అవుతాను గాని, మర్యాద తెలియనిదాన్ని అనిపించుకోనురా,” అంది ఆవిడ. కాని కొడుకు వెళ్ళాక నా వేళ్ళు గట్టిగా పట్టుకుని, “మీ దేవుడితో నువ్వు చెప్పు, నా దేవుడితో నేను చెబుతాను. ఎవరో ఒకరు వింటారు,” అంది.

మర్నాడు ఆ హఫర్ ఆవిడే మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మంలోంచే “లేవకు, లేవకు, నీ మీద ఒట్టు!” అని అరుచుకుంటూ వచ్చి, నేరుగా నేల మీద నా పక్కన చతికిలబడి, తలపైకెత్తి యుమ్మాతో కబుర్లు మొదలుపెట్టింది. ఆ తర్వాత మరో ఇద్దరు వచ్చి చేరారు. మెరిసే ఆ ఆసుపత్రి నేల మీద ఖర్జూరాలు, చిన్న కప్పులు, యాలకుల వాసన! చూడవచ్చిన జర్మన్ నర్సు ముందు బిత్తరపోయింది. తర్వాత మేం ఇచ్చిన కప్పు పుచ్చుకుంది. ఇక చాలంటే కప్పు అటూ ఇటూ ఊపాలని తెలియక, పోసినకొద్దీ తాగుతూనే ఉంటే, పైనుంచి యుమ్మా, “ఆ పిల్లకి ఊపడం నేర్పండే, రాత్రికి నిద్ర పట్టదు!” అని నవ్వింది.

కట్టు పూర్తిగా విప్పిన పొద్దున డాక్టరు తన చేతిని ఆమె ముఖం ముందు ఆడించాడు. యుమ్మా ఆ చేతిని పక్కకు నెట్టేసి నన్ను దగ్గరికి లాక్కుంది. నీళ్ళలోంచి చూసినట్టు అంతా మసకేనట. అయినా నా ముఖం తడిమి, “ఇంత చిక్కిపోయిందేమిటి ఈ పిల్ల? దీనికి తిండి పెట్టలేదురా నువ్వు?” అని కొడుకును గదిమింది. పొర అతుక్కుంది. ఆ మాట వినగానే మేము ముగ్గురం మూడు మూలలకు తిరిగి ఏడ్చాం.

బుడగ కరిగేదాకా విమానం ఎక్కకూడదన్నారు గనుక ఇంకొన్ని వారాలు ఆ పట్నంలోనే ఉన్నాం. రోజుకింత చొప్పున ఆమెకు లోకం తిరిగి వస్తుంటే, నది ఒడ్డున మెల్లగా నడిచేవాళ్ళం. మట్టల ఆదివారం నాడు, మొగ్గలు తొడిగిన సన్నటి కొమ్మలు పట్టుకుని జనం చర్చికి వెళుతున్నారు. ఈస్టరుకు ముందు ఆదివారం మా ఊళ్ళో మట్టలు పట్టుకుని వెళతామని నేను చెప్పాను. మరి ఇక్కడ మట్టలు ఏవని ఆవిడ అడిగితే, ఈ చలిదేశంలో దొరకవు కాబోలని చెప్పాను. “అయ్యో, మా పెరట్లో ఖర్జూరం మట్టలు చీపురుకట్టలవుతున్నాయే! ముందే చెబితే పెట్టెలో తెచ్చేదాన్ని కదా,” అని నొచ్చుకుంది. తర్వాత తాను చర్చి ముందు బల్ల మీద కూర్చుని, తన కన్ను సంగతి లోపల దేవుడికి చెప్పి రమ్మని నన్ను పంపింది. లోపల ఒక్క పాటా అర్థం కాలేదు. మోకాళ్ళ మీద ఉండి, నాకు తెలిసిన భాషలో కృతజ్ఞత చెప్పుకుని బయటికి వచ్చేసరికి, యుమ్మా ఎండలో కూర్చుని, ఎదురుగా ఉన్న ఊదాపూలను ఒక్కొక్కటిగా చూసుకుంటోంది.

ఇప్పుడు ఆ వైద్యం సౌదీలోనే దొరుకుతోందని, జర్మనీ దాకా వెళ్ళేవాళ్ళు తగ్గారని మా అక్క కూతురు చెబుతుంది. మంచిదే, దేవునికి స్తోత్రం. కాని పొద్దున తీసుకొచ్చి సాయంత్రానికి ఇంటికి పంపేస్తారట, రోగి కింద దుప్పటి పరచుకుని పడుకునే మనిషితో పని లేదట. అన్నేళ్ళలో ఆవిడ పేరు నేను ఒక్కనాడూ పలకలేదు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ పేర్లు బయటికి రావు, నాకూ తెలియదు. ఇది చదివినవాళ్ళు ఏ దేవుడికి మొక్కినా సరే, ఇవాళ మీ మొక్కులో ఖఫ్జీ యుమ్మాను ఒక్కసారి తలుచుకోండి. పేరు లేకపోయినా ఆయన పోల్చుకుంటాడు.