కౌలుదార్ల మెంబరు

ఎలక్షన్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంటిల్లిపాదీ వేలికి సిరా చుక్క పెట్టించుకొచ్చి మురిసిపోతుంటే నేను మంచం మీద అటు తిరిగి పడుకుంటాను. ముసలిదానికి చాదస్తమని మనవలు నవ్వుతారు. నవ్వనీ. మొదటి ఎలక్షన్ వాళ్లు చూడలేదు, నేను చూశాను.

తెల్లవాడు ఇంకా దేశం వదలని రోజులవి. హైదరాబాదు సంస్థానంలో సర్కారు శాసనసభకు ఎన్నికలు పెట్టింది. ఇప్పటిలాగా ప్రాంతానికి ఒక మెంబరు కాదు, చేసే పనిని బట్టి మెంబరు. వకీళ్లకు వేరు, వ్యాపారులకు వేరు, పట్టాదార్లకు వేరు, కౌలుకు దున్నేవాళ్లకు వేరు. వరంగల్‌లో చదువుకున్నవాళ్లు చాలామంది ఇదంతా బూటకమని దూరంగా ఉన్నారు. మా ఊరి దొరకు మాత్రం భలే నచ్చింది. మాది నెక్కొండ స్టేషనుకు దగ్గరి పల్లె. ఊళ్లో సగం భూమి ఆయనదే. పట్టాదార్ల సీటు కోసం ఆయనకంటే పెద్ద దొరలు కాచుకుని ఉన్నారు. అందుకని కౌలుదార్ల సీటు మీద కన్నేశాడు. తన కోసం కాదు, తిని తిరగడం తప్ప ఇంకో పని ఎరగని బావమరిది కోసం.

ఆ మనిషి అరక పట్టింది లేదు, మడిలో కాలు పెట్టింది లేదు. కాలికి బురద అంటుకుంటే కడగడానికి ఇంకొకడు చెంబుతో రావాలి. అలాంటివాడు కౌలుదారు ఎట్లా అవుతాడు? ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ ఉపాయం చెప్పాడు. ఏదో ఒక పొలం అతనికి కౌలుకిచ్చినట్టు రాస్తే చాలునన్నాడు. దొర వేలు పెట్టి చూపింది మా పొలాన్ని.

మా పొలం అంటున్నాను గానీ పట్టా దొరదే. చెరువు కింద రెండెకరాలు. మా తాత కాలంలో అది తుమ్మచెట్ల బీడు. తాత, ఆయన తర్వాత నాయన, ఆ మొద్దులన్నీ పెకిలించి, చుట్టూ ఒడ్లు పోసి, మడి చేశారు. కౌలంతా నోటి మాట మీదే. పంట కాగానే సగం దొర గడికి, ఆ కోటలాంటి ఇంటికి తోలాలి, మిగిలింది మేం తినాలి. మా ఇంట్లో అందరి బువ్వా ఆ మడిదే. అది పోతే మాకు ఇంకేమీ లేదు.

దొర నాయనను గడికి పిలిపించి మెత్తగానే చెప్పాడట.

"ఉత్తగ పేరుకే రా. కాయితం మీద మా బామ్మర్ది పేరుంటది, ఎలక్షన్ అయ్యేదాంక. దున్నుకునేది నువ్వే, కోసుకునేది నువ్వే. ఫికర్ చెయ్యకు."

నాయన "నీ బాంచెన్ దొరా" అని దండం పెట్టి వచ్చాడు. ఇంట్లో అమ్మ నిలదీసింది.

"పొలం వాళ్లకు రాసిచ్చి వచ్చినవా?"

"రాసిచ్చుడేంది? మన పేర కాయితమే లేకపాయె. లేనిది యాడికి పోతది? వాళ్ల కాయితం వాళ్లు రాసుకున్నరు. మన మడి మనకున్నది."

ఈ తెలివికి ఏ గోడకు తల బాదుకోవాలి! ఒక్క నాయనేం కాదు, ఊళ్లో అందరి తెలివీ అంతే. కాగితాలు దొరల ఆట, మట్టి మాత్రం చెమటోడ్చినవాడిదే అనుకునేవాళ్లు. అమ్మ ఆ రోజు నుంచి నాయనకు అన్నం పెట్టేది గానీ పక్కన కూర్చునేది కాదు.

ఓట్ల నాడు పట్వారీ కౌలుదార్లందరినీ బండ్లెక్కించి తీసుకుపోయాడు. కాదంటే పొలం పోతుందని అందరూ ఆ బావమరిదికే వేసి వచ్చారు. ఎదురు నిలబడ్డవాడికి మా ఊళ్లో ఒక్క ఓటూ పడలేదు. నాయనను మాత్రం బండి ఎక్కనివ్వలేదు. ఆయన ఇప్పుడు కౌలుదారు కాదు, ఆయనకు ఓటు లేదు. అయినా అందరికంటే ముందు కట్టించింది మా బండినే.

ఫలితం వరంగల్ నుంచి వచ్చింది. అతనే గెలిచాడు. నెక్కొండ స్టేషనులో రైలు దిగేసరికి డప్పులు, దండలు. ఊరి కౌలుదార్లను వరసగా నిలబెట్టి జై కొట్టించారు. "మీ కష్టం నా కష్టం. మనమంత కౌలుదార్లం" అన్నాడు మెడనిండా బంతిపూలతో. నాయన కూడా జై కొట్టాడు. ఎలక్షన్ అయిపోయింది, ఇక ఆ పేరు కూడా తీసేస్తారన్న సంతోషంతో గొంతు పోయేలా కొట్టాడు. అది తలుచుకుంటే నాకు ఆ మెంబరు మీదకంటే నాయన మీదే ఎక్కువ మంట.

అప్పటికి వరి పండి వంగి ఉంది. నాయన కొడవలి పట్టుకుని కోతకు పోతే ఒడ్డు మీద గడి జవాను అడ్డం నిలబడ్డాడు.

"మెంబరు సాబు పంట. ముట్టకు."

నాయన గడికి పరుగెత్తాడు. దొర ఈసారి మెత్తగా చెప్పలేదు.

"కౌలు తీసేస్తే ఆయన మెంబరుగిరి ఉంటదా? జర సమజ్ చేసుకో. కావాల్నంటే కూలికొచ్చి కోసిపో."

వరంగల్ కచ్చేరిలో చెప్పుకుంటే న్యాయం దొరుకుతుందని ఎవరో అంటే నాయన రైలెక్కాడు. అక్కడి అధికారి అంతా విన్నాడట. కసురుకోలేదు, గెంటించలేదు. మర్యాదగానే జవాబిచ్చాడు.

"మీ కౌలుదార్లకు ఇప్పుడు మెంబరున్నడు గద. ఏం తకరారున్నా ఆయనకు చెప్పుకో. నీ తరఫున మాట్లాడేటందుకే ఆయన గెలిచిండు."

నాయన ఇంటికొచ్చి ఈ మాట చెబుతున్నప్పుడు అమ్మ గడప మీద కూర్చుని ఉంది. మా గడప మీద కూర్చుంటే చెరువు కింది పొలాలన్నీ కనిపిస్తాయి. మా మడిలో కూలివాళ్లు వరి కోస్తున్నారు. ఒడ్డు మీద కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని ఆ మెంబరు కూర్చున్నాడు. అమ్మ చెయ్యెత్తి అటు చూపించింది.

"అయితె పోయి చెప్పుకో. ఎతుకుడెందుకు, మన మడిలనే ఉన్నడు."

 నాయన చూరులోంచి కొడవలి తీసుకుని ఆ మడికే కూలికి పోయాడు.