అవతలి గట్టుదాకా మోరి

వాట్లు అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అట్టపెట్టె మీద తాటికాయంత అక్షరాలతో రెండువేల వాట్లని అచ్చేసి, లోపల నలభై వాట్ల సరుకు పెట్టి అమ్మేవాళ్లని ఏమనాలి? ఆ పెట్టెను అపురూపంగా కొండెక్కించిన నాలాంటి వాణ్ణి ఏమనాలో మాత్రం మా ఆవిడ అప్పుడే అనేసింది.

నేను కొండల మీద, హుకుంపేట దగ్గర బడిలో మాస్టర్ని. మైదానం నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. మా మావ మోరి ఊదేవాడు. మోరి అంటే సన్నాయి లాంటిదే, కాస్త పొట్టిది, గొంతు మాత్రం బాగా పదును. థింసా ఆడేటప్పుడు డప్పులూ తుడుములూ ఎన్ని మోగినా ఆడవాళ్ల అడుగు తిరిగేది మోరి చెప్పినట్టే. మావ ఊదితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చేతిలో పని వదిలేసి వచ్చేవారని ఒకరు చెప్తే వినడం కాదు, కళ్లారా చూశాను. నాలుగేళ్ల కింద ఆయనకు ఆయాసం పట్టుకుంది. ఊదితే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. ఆ మోరి అప్పట్నుంచీ చూరులో ఉంది.

ఒక పొద్దున్న అంబలి తాగుతూ ఆయన నాతో ఒక మాట అన్నాడు.

"అల్లుడూ, నానూదింది నానెప్పుడూ బయట్నుంచి ఇన్నేదు. ఊదేవోడికి బుగ్గల్లో గాలి, సెవుల్లో హోరు, అంతే. ఇంకేటి తెలుస్తాది? అవతల గట్టుమీద కూకున్నోళ్లు ఇనేవోరు. ఆళ్లకెలాగినబడేదో నానూ ఓపాలి ఇనాల."

ఆయన నన్నెప్పుడూ ఏదీ అడిగి ఎరగడు. పైగా ఆయన పాట నా దగ్గర ఉంది. బడి పిల్లల కోసం ఇక్కడి పాటలు పోగుచేసిన రోజుల్లో మంచి రికార్డర్‌తో, డప్పులతో సహా ముప్పావుగంట పట్టాను. "ఇదెంత పని మావా, నేను వినిపిస్తాను కదా" అనేశాను. నోటి తొందర నాకు మొదట్నుంచీ ఉంది. ఫోన్లో పెట్టిస్తే చెవి దగ్గర పెట్టుకుని, "ఇందులో ఏటుంది? ఈగ కూడా నేదు" అని తిప్పి ఇచ్చేశాడు. నిజమేలే, ఫోన్లో ఏముంటుంది అనుకున్నాను.

మా బావమరిది పండగలకీ పెళ్లిళ్లకీ సౌండుసెట్టు కడతాడు. వాడి పెద్ద పెట్టెలు రెండు కొండల అవతలికి వినబడతాయి గానీ, వాటిలో మోరి పెడితే బాతు అరిచినట్టుంటుంది. మావ పాటను బాతు పాట చేస్తానంటే నేనొప్పుకుంటానా? విశాఖలో పాత సామాన్ల కొట్టు నుంచి ఒక జత హైఫై స్పీకర్లు తెచ్చాను. చూపుకి చిన్నవే, ఎత్తితే నడుం పడిపోతుంది. వాటిలో పాట వింటే ఊదే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. వాటికున్న జబ్బు ఒక్కటే. ఎంత మేపినా పాలివ్వని గేదెలవి. మామూలు స్పీకరు ఒక వాటుతో పలికే శబ్దానికి వీటికి నాలుగు వాట్లు పొయ్యాలి. ఆ సంగతి వెనక చీటీ మీద అంకెల్లో రాసే ఉంది. పిల్లలకు లెక్కలు చెప్పే మహానుభావుణ్ణి, ఆ అంకెను చూసి కూడా పట్టించుకోలేదు.

ఇక వాటికి ఆంప్లిఫయర్ కావాలి. కొట్టువాడు పెద్దది చూపించనే లేదు. "పెద్దది పెడితే స్పీకర్లు కాలిపోతాయి సార్, ఇది తీసుకెళ్లండి, భయముండదు" అన్నాడు. ఆ రెండువేల వాట్ల నలభై వాట్ల పెట్టె అదే. నమ్మాను. ఎందుకు నమ్మానంటే, వాడు నన్ను సార్ అన్నాడు.

ఇక్కడ సౌండుసెట్టుకు ఒక పరీక్ష ఉంది. ఇళ్లన్నీ ఒకచోట ఉండవు, ఈ గట్టున నాలుగుంటే ఆ గట్టున మూడు. పండగ మొదలైందని కబురు తీసుకెళ్లేది శబ్దమే. అందుకని సెట్టు కట్టగానే ఒక మనిషి అవతలి గట్టెక్కి నిలబడతాడు. వినబడిందా, తుండుగుడ్డ ఎత్తి ఊపుతాడు. గుడ్డ లేచేదాకా ఇవతల గుండీ తిప్పుతూనే ఉంటారు. గుడ్డ లేవని సెట్టును ఈ చుట్టుపక్కల ఎవడూ పిలవడు.

ఇంట్లో కూర్చుని వినే స్పీకర్లకు ఈ పరీక్ష పెట్టకూడదని నాకు తెలియదా? తెలుసు. కానీ మావ కోరింది అవతలి గట్టు మీద నిలబడి వినాలనే కదా. ఒక సెలవు రోజు పొద్దున్నే స్పీకర్లు రెండూ అరుగు మీద పెట్టాం. మావ కొత్త పంచె కట్టుకుని, తుండుగుడ్డ భుజాన వేసుకుని, లోయలోకి దిగి కాఫీ మొక్కల మధ్య నుంచి అవతలి గట్టెక్కాడు. ఆయాసం మనిషి, ఎక్కడానికి గంట పట్టింది.

పాట పెట్టాను. గుడ్డ లేవలేదు.

"తిప్పు బావా" అన్నాడు బావమరిది. తిప్పాను. లేవలేదు. "ఇంకా తిప్పాల." తిప్పాను. మోరి గొంతు బొంగురుపోయింది. అక్కడ ఆపాలి, ఆపితే నేను నేనెలాగవుతాను? పళ్లు కొరుక్కుంటూ గుండీని చివరికంటా తిప్పేశాను. కమురు వాసన వచ్చింది. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు రెండూ ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. డప్పులు మాత్రం గోనెసంచిలో కొట్టినట్టు మోగాయి.

ఆ రోజు నేను తిట్టని మనిషి లేడు. "సౌండుసెట్టు కట్టి కట్టి నీ చెవులకు తోలు మందమైపోయింది" అని బావమరిది మీద ఎగిరాను. వాడు ఊరుకుంటాడా? "నీ పెట్టెలు కుంటివైతే నానేటి సేత్తాను బావా" అన్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "సదువుకున్నోరు, డబ్బా మీద రాసిందల్లా నమ్మేయడమేటండీ? రేపు దాని మీద ఏనుగు బొమ్మేస్తే లోపల ఏనుగుందంటారా?" అంది. అవతలి గట్టు నుంచి కట్టెల మోపుతో వస్తున్న ఒకావిడ ఆగి, "అవతలికి బాగానే ఇనబడింది మాస్టారూ, మీ మావదే కదా" అంది. ఓదార్పుకి అంటోందనుకుని వైర్లు పీకడంలో పడ్డాను.

మావ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కాసేపు రొప్పి, "ఇనబడ్నేదు" అన్నాడు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండుననిపించింది.

స్పీకర్లు తీసుకుని విశాఖలో ఒక పాత రిపేరు మేస్త్రీ దగ్గరికి పోయాను. విప్పి చూసి, కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు.

"వీటిని ఎంత ఆంప్లిఫయర్ మీద నడిపేరు?"

చెప్పాను. నవ్వాడు. ఆ నవ్వుకి ఆయన మెడ పట్టుకోవాలనిపించింది.

"ఇవి కాలింది పవరు ఎక్కువై కాదు మాస్టారూ, తక్కువై. ఇవి బద్ధకం స్పీకర్లు, వీటికి బలమైన మనిషి కావాల. సంటోడి నెత్తిన బస్తా పెట్టి పరిగెత్తించేరు. ఆడు మొయ్యలేక పాటని నరికి పంపేడు. ఆ నరికిన ముక్కలే వీటిని కాల్చేశాయి. పెద్దది పెట్టండి. సగం గుండీలోనే పని అయిపోవాల."

కాలిన చిన్న స్పీకర్ల బదులు కొత్తవి బిగించి ఇచ్చాడు. ఆయన చెప్పినదాని గురించి వారం రోజులు చదివి, లెక్కలు వేసి, అవతలి గట్టు దూరం కూడా లెక్కలోకి తీసుకుని, నిజంగా రెండువందల వాట్లిచ్చేది ఎంచుకున్నాను. ఈసారి పెట్టె మీద రాసింది చూడలేదు. మూత తీయించి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఎంతుందో చూశాను. అది నా రెండు పిడికిళ్లంత ఉంది. కొట్టువాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ అనుకున్నాను.

తెచ్చేనాటికి ఇంట్లో ఇంకో గొడవ. "నాన్న నాలుగుసార్లు పిలిస్తే గానీ తిరగట్లేదు. మీ మీద అలిగేడేటో" అంది మా ఆవిడ. అలగడా మరి? ఆయాసం మనిషిని కొండెక్కించి వట్టి చేతులతో దింపాను. ఈసారి వినిపించకపోతే ఆయన మొహం చూడలేననిపించింది. ఆయాసం కూడా పెరుగుతోంది. ఇంకో ఏడాది ఆగితే ఆ గట్టెక్కగలడన్న నమ్మకం ఎవరికీ లేదు.

మళ్లీ సెలవు రోజు. మళ్లీ అరుగు. మావను బావమరిది వెంట ఉండి ఎక్కించి, కూర్చోబెట్టి తిరిగొచ్చాడు. పాట పెట్టాను. గుండీ మూడోవంతు తిప్పేసరికే మా ఆవిడ చేట కింద పెట్టేసింది. మోరి వచ్చింది. బొంగురు లేదు, బాతు లేదు. మావ ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పిలవకుండానే వచ్చి చేతులు పట్టుకుని అడుగు కలిపారు. బావమరిది, "ఇదీ బావా మోరంటే!" అని నా వీపు చరిచాడు.

గుడ్డ లేవలేదు.

సగం దాకా తిప్పాను. లేవలేదు. ఇంకా ఏం కావాలి ఈ మనిషికి? ఇంత పంతమా? అలకకైనా ఒక హద్దుండాలి కదా! "గుండీ ముట్టుకున్నావో చంపేస్తా" అని బావమరిదికి చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా లోయలోకి దిగాను. ఎదురుపడగానే ఏమేం అనాలో దారిపొడుగునా కూడబలుక్కుంటూ నడిచాను. మోరి నా వెంటే వచ్చింది. కాఫీ మొక్కల్లోనూ వినబడింది, వాగు దగ్గరా వినబడింది. గట్టెక్కితే ఇంకా బాగా వినబడింది. ఆ గట్టు మీంచి వింటే పాట అంత అందంగా ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

మావ రాయి మీద కూర్చుని ఉన్నాడు. తుండుగుడ్డ ఒళ్లో సిద్ధంగా పెట్టుకున్నాడు. "మావా!" అని అరిచాను. తిరగలేదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి చూసి, నవ్వాడు.

"ఏటి మావా, గుడ్డెత్తవేటి?" అని ఆయన మొహంలోకి వంగి గట్టిగా అడిగాను.

"డప్పులు బాగా కొడతన్నారల్లుడూ" అన్నాడు. "మోరెప్పుడు పెడతావు?"

నలభై ఏళ్లు చెవి పక్కనే ఆ పదును ఊదుకున్న మనిషి. ఆ పదునే ఆయన చెవిలో సన్నని శబ్దాలన్నిటినీ చంపేసినట్టుంది. పిలిస్తే పలకనిది అందుకా? ఫోన్లో ఈగ కూడా లేనిది అందుకా? వాట్లు, అంకెలు, ట్రాన్స్‌ఫార్మర్ సైజు అన్నీ కొలిచాను, ఆయన చెవిలో ఒక్క మాట మెల్లగా చెప్పి చూడాలని నాకు తోచలేదు. థూ, నా బతుకు! దారంతా కూడబలుక్కున్న తిట్లన్నీ నాకే మిగిలాయి.

"ఇంకొంచెం సేపాగు మావా, పెడతారు" అన్నాను.

"సరే, బేగి పెట్టమను" అని ఆయన మా ఇంటివైపు తిరిగి కూర్చున్నాడు. మోరి అప్పటికి రెండో పాటలో ఉంది.