నల్లగా పుట్టిన తెల్ల గుర్రం

మా ఆవిడ పోయింది. కోట, చిట్టమూరు మండలాల్లో పశువులున్న ఇళ్ళకు ఈ కబురు ఇప్పటికే చేరింది. ఉద్యోగమంతా ఆ ఊళ్ళలోనే చేసిన పశువుల డాక్టరు ఆమె. అంత్యక్రియల రోజు పాస్టరు గారు ఆమె సేవ గురించి చెప్పారు. అన్నీ నిజాలే. గుర్రం సంగతి మాత్రం ఎత్తలేదు. చర్చిలో చెప్పే సంగతి కాదనుకున్నారేమో. అందుకే నేను రాస్తున్నాను.

కావలిలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు పంపే ఆయన ఒకరున్నారు. ఆయనవన్నీ ఎదిగాక కొన్న తెల్ల గుర్రాలు. వాటిలో మార్వాడీ జాతిది ఒకటి అనుకోకుండా ఈనింది. ఆడ గుర్రప్పిల్ల, బొగ్గులా పుట్టింది. నల్ల గుర్రాన్ని పెళ్ళికొడుకు ఎక్కడు. ఇంట్లో ఉంచుకోవడమే అరిష్టమని ఆయన భయం. పాలు మరవగానే చిన్న ట్రక్కులో తెచ్చి మా వాకిట్లో దించాడు.

"ఎవురికన్నా ఇచ్చెయ్యండి మేడమ్. తల్లి చూస్తే పాలమీగడ, ఇది చూస్తే కాకి. మా ఆడోళ్ళు ఇంట్లో పెట్టుకోవద్దంటా ఉండారు."

మా ఆవిడ దాని కంటి పక్కన వెంట్రుకలు వేలితో విడదీసి చూసింది. "ఇది నల్లది కాదు, తెల్ల గుర్రమే. ఇంకా తెల్లబడలేదు, అంతే."

"ఎగతాళికి నేనే దొరికినానా మేడమ్?" అన్నాడాయన. వెళ్ళేటప్పుడు పిల్ల వైపు చూడనైనా లేదు.

నేనూ నమ్మలేదు. రొయ్యల సాగు నా పని. గుర్రాల గురించి నాకేమీ తెలియదు. "చెరువులో రొయ్య రంగు తిరిగితే గట్టు మీద నుంచే కనిపెడతారు గదా, దీని కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు కనపళ్ళేదా మీకు?" అంది.

ఇంటికి ఎవరొచ్చినా గుర్రం ముందు నిలబెట్టి చెప్పేది. ఈ జాతికి చెవులు లోపలికి వంగి, కొసలు ఒకదాన్నొకటి తాకుతాయి. ఎర్రవీ, జేగురు రంగువీ, తెల్ల మచ్చలవీ ఉంటాయి. నాలుగు కాళ్ళూ, మొహమూ తెలుపైతే పంచకల్యాణి అని మొక్కుతారు. పుట్టుకతోనే తెల్లగా ఉన్నవాటికి చర్మం గులాబీ రంగు. మన దానికి చర్మం నలుపు, వెంట్రుకే తెల్లబడుతుంది. "పుట్టు రంగు ఎక్కడికీ పోదు, లోపలికి పోతుంది" అనేది.

ఆమె అన్నట్టే అయింది. మొదట బూడిద రంగు తిరిగింది. తర్వాత తొడల మీద రూపాయి బిళ్ళలంత మచ్చలు లేచాయి. ఏటేటా పాలిపోతూ వచ్చింది. ఆ మధ్యలోనే ఆమెకు జబ్బు చేసింది. మందులకు జుట్టంతా రాలి, మళ్ళీ తెల్లగా మొలిచింది. అద్దంలో చూసుకుని, "గుర్రంతో పందెంలో నేనే గెలిచా" అంది.

సాయంత్రం ఆమె స్కూటరు మా వీధి మలుపు తిరగకముందే గుర్రం చెవులు గేటు వైపు తిరిగి కొసలు కలిసేవి. ఇప్పుడు స్కూటరు వసారాలో ఉంది. చెవులు మాత్రం ఇంకా అటే తిరుగుతున్నాయి. రోజూ కాదు. తిరిగిన రోజు నేనూ అటే చూస్తాను. ఒకరోజు లేచి వెళ్ళి గేటు తీశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. వెనక్కి తిరిగేసరికి గుర్రం, ఎవరికో దారి ఇస్తున్నట్టు, పక్కకు జరిగి నిలబడి ఉంది.

పోయిన వారం కావలి ఆయన పరామర్శకు వచ్చాడు. కొట్టం దగ్గర ఆగిపోయాడు.

"మేడమ్ చెప్పిందే నిజమాయ సార్! మల్లెపూవు మాదిరుండాది. మీకు చెరువులతోనే సరిపోతాది, దీన్నేం చూస్తారు? నాకిచ్చెయ్యండి. బాగా చూసుకుంటా."

సరేనన్నాను. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఉలవలు ఎంత ఉడకాలో కూడా నాకు తెలియదు. ఆ చెవులు కంటి ముందు లేకపోతే నేను గేటు వైపు చూడటం మానేస్తానేమోనని కూడా అనుకున్నాను.

శనివారం పొద్దున, ఆయన వచ్చేలోగా కడిగి ఉంచుదామని బోరు దగ్గరికి తీసుకెళ్ళాను. అది ఎప్పుడూ ఆమె చేసే పని. నీళ్ళు పడ్డచోటల్లా తెలుపు అణిగిపోయి, అడుగు నుంచి నలుపు పైకి వచ్చింది. మెడ, భుజం, డొక్కలు. కాసేపటికి నా ముందు నిలబడి ఉన్నది ఆ రోజు ట్రక్కు దిగిన పిల్లే. మా ఆవిడ అప్పుడే వంగి కంటి పక్కన వేలు పెట్టబోతున్నట్టు అనిపించింది. నేను చెయ్యి వేశాను. తడి కింద వెచ్చగా ఉంది.

ట్రక్కు వచ్చి ఆగింది. "అయ్యయ్యో, ఏంది సార్ ఇట్టయింది?"

"తడి."

"అంతేనా! భయపెట్టినారు. సరే, ఆరనీండి. తెల్లగయినాక ఎక్కిస్తా." ఆయన ట్రక్కు నీడలో కూర్చున్నాడు.

ఎండ బాగా ఉంది. వీపు మీద అప్పుడే తెలుపు తేలుతోంది. బకెట్ నింపి దాని వీపు మీద పోశాను. మళ్ళీ నల్లబడింది.

"చాల్లే సార్, శుభ్రంగానే ఉండాది" అన్నాడాయన నీడలోంచి.

బకెట్ తీసుకెళ్ళి మళ్ళీ బోరు కింద పెట్టాను.