జత కాని చెప్పులతో పది నిమిషాలు

ఆ సెమిస్టరులో నా మనస్తత్వశాస్త్ర తరగతిలో ఇరవై ఏడుగురు. ముగ్గురికొక జట్టు చొప్పున తొమ్మిది పాడ్‌కాస్టులు చేయాలని నిర్ణయించాను. జనం తరచుగా చెప్పుకునే మనస్తత్వ విషయం ఒకటి ఎంచుకోవాలి, తమ వీధిలో దాన్ని పరీక్షించి చూడాలి, పది నిమిషాల్లో చెప్పాలి. ఈ నిబంధనలను తేదీ వేసి మరీ గోడకు అంటించాను. తేదీ లేని నిబంధనను విద్యార్థులు సూచనగానే తీసుకుంటారు.

ఒక జట్టు ‘అందరూ మనల్నే చూస్తున్నారన్న భ్రమ’ను ఎంచుకుంది. మన లోపాలు మనకు కనిపించినంతగా ఇతరులకు కనిపించవని దాని సారాంశం. మారేడ్‌పల్లి నుంచి వచ్చే అమ్మాయి మాటకారి. రెండో అమ్మాయి రికార్డింగు చూసుకుంటుంది. పరీక్షకు సిద్ధపడింది మాత్రం మౌలాలి రైల్వే కాలనీ అమ్మాయి. ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి నీలి రబ్బరు చెప్పు వేసుకుని ఇంటి నుంచి కాలేజీకి వచ్చి, రోజంతా తిరిగింది.

చిక్కు రికార్డింగు దగ్గర మొదలైంది. ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచి ఆదివారాలు తమ చర్చిలో వాక్యం చదువుతుంది. మైకు అంటే ఆమెకు తెలిసిన పని అదొక్కటే. ఫోను ముందు పెట్టగానే గొంతు దానంతటదే మారిపోయేది.

“ప్రియమైన శ్రోతలారా, ఈ దినమున మనము ధ్యానించబోవు అంశము...”

“ఆపే తల్లీ! ఇగ కానుకల సంచి తిప్పాల్నా?” అంది మాటకారి. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక మాటకారి నా వైపు తిరిగింది. “మేడమ్, ఆమె వాయిస్ చర్చి వాయిస్. స్క్రిప్ట్ నాకిస్తే నేను చదువుతా. ఇంకోటి, కాలనీ పార్ట్ తీసేద్దాం. అది పెడితే మా కాన్సెప్టే ఖరాబైతది.”

కాలనీలో ఏం జరిగిందని అడిగాను. మౌలాలి అమ్మాయి కాగితం పక్కన పెట్టి చెప్పింది. కాలేజీలో సాయంత్రం అడిగి చూస్తే గమనించినవాళ్లు దాదాపు లేరు. పుస్తకం చెప్పినట్టే జరిగింది. కాలనీలో మాత్రం గేటు దాటకముందే పక్కింటావిడ పట్టేసిందట: ‘ఏందమ్మా గిట్ల పోతున్నవ్, చెప్పు తెగిందా?’ సాయంత్రానికి చర్చి ఆంటీ వాళ్లమ్మకు ఫోను చేసి, అమ్మాయి పరేషాన్‌లో ఉన్నట్టుంది, ప్రార్థనలో పెడతామని చెప్పిందట.

“చూసిండ్రా మేడమ్? థియరీ ఫెయిలు,” అంది మాటకారి.

“ఫెయిలయితే ఫెయిలైందని చెప్పాలి,” అన్నాను. “దొరికింది దాచడానికి వీల్లేదు. ఎవరు చెప్పాలన్నది మీరే తేల్చుకోండి.”

మౌలాలి అమ్మాయి ఆలోచించలేదు. “ఆ చెప్పులేస్కొని తిరిగింది నేను. నేనే చెప్తా.”

మరునాడు మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఆదివారపు గొంతే వచ్చింది. ఇంకోసారి, అదే. చెవులు ఎర్రబడ్డాయి గానీ కుర్చీలోంచి లేవలేదు. చివరికి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, మాటకారిని ఎదురుగా కూర్చోమంది.

“నువ్వు నన్ను రోజూ ఎక్కిరిస్తవ్ గద. గట్లనే ఎక్కిరించు. నేను జవాబిస్తా.”

మాటకారికి అంతకంటే ఏం కావాలి! “ఏందే, ఒక కాలికి నల్లది, ఒక కాలికి నీలిదా? ఇంట్ల అద్దం లేదా?”

“అద్దంల కాళ్లు కనిపిస్తయా నీకు? అంత పెద్ద అద్దమా మీది?”

అక్కడి నుంచి సంభాషణ పరుగెత్తింది. పక్కింటావిడ గొంతు, చర్చి ఆంటీ గొంతు అన్నీ ఆ అమ్మాయే పలికింది. చివర్లో మాటకారి వెక్కిరింపు మానేసి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

“మరి సిగ్గనిపించలేదా?”

“అనిపించింది. కాలేజీల. బెంచీ కిందికి కాళ్లు దాచుకున్న. ఆడ ఎవ్వరు చూడనే లేదు. కాలనీల అందరు చూసిండ్రు, ఆడ అనిపించలే.”

ఎన్నో ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఎవరు చూస్తున్నారన్న ప్రశ్న అడిగించాను గానీ, చూసేవాళ్లు మనకు ఏమవుతారని ఒక్కసారీ అడిగించలేదు.

ముందు కాగితం చూసి చదివిన భాగంతో కలిపి నిడివి చూస్తే పన్నెండు నిమిషాలు. గోడ మీది నిబంధన అందరికీ ఒకటే కనుక, రెండు నిమిషాలు తీసేయక తప్పదన్నాను. మాటకారి అలవాటుగా కాలనీ భాగమే తీసేద్దామనబోయింది. ఈసారి తనే తల అడ్డంగా ఊపింది.

“ముందుది తీసెయ్,” అంది మౌలాలి అమ్మాయి. “ప్రియమైన శ్రోతలారా నుంచి డెఫినిషన్ అయ్యేదాకా.”

“అదంత నీదే గదనే! మంచిగనే చదివినవ్ సుత.”

“చదివిన. చెప్పలే.”

తీసేశారు. ఎపిసోడ్ ఇప్పుడు మాటకారి వెక్కిరింపుతోనే మొదలవుతుంది. మిగిలిన సమయమంతా దాదాపు మౌలాలి అమ్మాయి గొంతే.