పాపాయమ్మ వంటగది బేరం

మా జాలరిపేటలో పాపాయమ్మ వదిన భయపడగా చూసినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంపాటలో మగవాళ్ళని మోచేత్తో పొడుచుకుంటూ ముందుకి దూరి, కోనాం చేపల బుట్ట గెలుచుకొచ్చే మనిషి. మొగుడు పోయిన ఏడాది కూడా నెత్తి మీద బుట్ట దించలేదు. ఇక నోరంటారా, ఎదురింట్లో మిషను కుట్టుకునే నాకు ఆ నోరు వినపడకపోతే ఆవిడకి జ్వరమొచ్చిందేమో అని వెళ్ళి చూసొచ్చేదాన్ని.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చి మాట రాక నిలబడింది. చీర నిండా పులుసు చిందింది. నా చెయ్యి పట్టుకుని వాళ్ళ వంటగదిలోకి లాక్కుపోయింది. పొయ్యి మీద చేపల పులుసు ఇంకా ఉడుకుతూనే ఉంది. ముక్కల మధ్య అరచేతంత సిమెంటు పెళ్ళ తేలీ తేలనట్టు ఉంది. తలెత్తి చూస్తే స్లాబులో ఒక గుంట, ఆ గుంటలోంచి ఎర్రగా తుప్పు పట్టిన ఇనప ఊచ కనిపిస్తోంది.

"ఓలమ్మో, నెత్తి మీద పడుంటే నీ పని గోవిందా," అన్నాను.

"నా నెత్తి సంగతి ఒగ్గెయ్ సూర్యకళా. దీని మీద ఎవులున్నారో సూడు."

దాని మీద ఆవిడ కోడలు హేమశ్రీ ఉంది, నెలల పసిపాప ఉంది. సరిగ్గా ఆ వంటగది మీదే కొడుకు వీరేంద్ర వేయించుకున్న గది. వీరేంద్ర బోటు మీద వేటకి పోయి ఉన్నాడు. హేమశ్రీ పిల్లని జోకొడుతూ అటూ ఇటూ నడుస్తోంది. ఆ అడుగులు మా తల మీద వినపడుతున్నాయి. రోజూ వినే చప్పుడే, కానీ ఆ పూట ఒక్కో అడుగుకీ నా ప్రాణం పైకి పోయి కిందకి వచ్చింది.

సాయంత్రానికల్లా ఉయ్యాలని గది అవతలి గోడ వారకి జరిపించింది వదిన. మర్నాడే గోపాలపట్నం నుంచి ఉదయ్‌కుమార్ అనే కాంట్రాక్టర్ని పిలిపించింది. మా వీధిలో రెండు మూడు ఇళ్ళు బాగుచేసిన కుర్రాడు, మాట నెమ్మది. స్టూలెక్కి స్లాబంతా సుత్తితో తట్టి చూశాడు. గట్టిగా మోగాల్సిన చోట బోలుగా మోగింది.

"పిన్నీ, ఈ స్లాబుకి ఏ ఇసకేసారు?"

వదిన సముద్రం వైపు చెయ్యి చూపించింది. వీధి వీధంతా తెలిసిన సంగతే. వదిన మొగుడు, మా అన్నయ్య, బతికుండగా ఆ ఇల్లు కట్టినప్పుడు, ఎదురుగా సముద్రమంత ఇసక పెట్టుకుని లారీ ఇసకకి డబ్బు పొయ్యడమేంటని, చుట్టాలందరూ కలిసి ఒడ్డున ఉన్న ఇసకే మోసుకొచ్చి కలిపేశారు. మా పేటలో అందరూ చేసిన తెలివైన పనే అది. స్లాబు వేసిన రోజు అందరికీ రొయ్యల కూర వండి పెట్టింది కూడా పాపాయమ్మ వదినే.

"ఉప్పు ఊచని లోపల్నించి తినేత్తాది పిన్నీ," అన్నాడు ఉదయ్‌కుమార్. మొత్తం వంటగది బాగుచెయ్యడానికి రెండు లక్షల ఎనభై వేలు అవుతుందని చెప్పి, ఆలోచించుకోమని వెళ్ళాడు.

ఆ మాటతో వదినకి ఒక భయం కాస్తా రెండయ్యింది. స్లాబు కూలుతుందన్న భయం ఒకటి. కూలుతుందని భయపెట్టి ఈ కుర్రాడు నెత్తిన టోపీ పెడుతున్నాడేమో అన్నది రెండోది. వీధిలో తలో మాటా అన్నారు. వంట గట్టు కట్టి, టైల్సు వేసి, పైన పూత పూస్తే లక్షన్నరలో తేలిపోతుందని ఒకళ్ళు. మొగుడు లేని ఇల్లని చూసి రేటు పెంచేశాడని ఇంకొకళ్ళు. వదిన అన్నం తింటూ స్లాబు వంక చూసేది, స్లాబు వంక చూస్తూ అన్నం వదిలేసేది.

"ఇంజినీర్లకి సెప్పే తెలివి నాకేటున్నాది? నాకు తెలిసిందల్లా హార్బర్ పాటే," అంది నాతో. ఆ తెలిసిన పాటే పాడింది. ఉదయ్‌కుమార్ మళ్ళీ వచ్చినప్పుడు, అతను చెప్పిన దానికి సగం దగ్గర మొదలుపెట్టి, మొహం తిప్పేసుకుని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. హార్బర్‌లో అదే పద్ధతి. అవతలివాడు తిట్టాలి, వెళ్ళిపోవాలి, మళ్ళీ రావాలి, దేవుడి మీద ఒట్టు పెట్టాలి. ఉదయ్‌కుమార్ అవేవీ చెయ్యలేదు. కాసేపు గోడల వంక చూసి, "సరే పిన్నీ, లక్షా అరవైకి సేసేత్తాను," అని బయానా పుచ్చుకుని పోయాడు.

వీధంతా వదినని మెచ్చుకుంది. బేరమంటే పాపాయమ్మదే అన్నారు. నేనూ అన్నాను, అనకేం. ఆ పూట వదిన కడుపు నిండా తింది.

మర్నాడు హార్బర్‌లో ఎవడో కొత్త బోటువాడు కోనాం బుట్ట పాటకి పెట్టాడు. వదిన అలవాటుగా సగానికి పాడింది. వాడు నోరెత్తకుండా సరేనని బుట్ట ముందుకి తోశాడు. వదిన చేప మొప్ప ఎత్తి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన లోపలంతా మట్టి రంగు, కుళ్ళిన సరుకు. చేపని బుట్టలోకి విసిరికొట్టి, అక్కడే నిలబడిపోయిందట. "ఒళ్ళంతా సల్లబడిపోనాది సూర్యకళా. గోపాలపట్నమోడు కూడా ఇలాగే దిగిపోనాడు గదేటి," అని తరవాత నాకు చెప్పింది. ఆ రోజు ఖాళీ బుట్టతో ఆటో ఎక్కి ఇంటికొచ్చేసింది.

వచ్చేసరికి వంటగదిలో పని మొదలైపోయింది. ఉదయ్‌కుమార్ పక్కన నిలబడి చెప్తుంటే, ఒక మేస్త్రీ స్టూలెక్కి, ఆ తుప్పు ఊచ మీదే తాపీతో సిమెంటు మెత్తుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నాకేం తెలుసు, పని బాగానే సాగుతోందనుకున్నాను.

"ఆగండ్రా!" అని అరిచింది వదిన. "ఉదయ్‌బాబూ, ఆ ఊచలకి ఏటి సేత్తన్నావ్?"

"ఊచల జోలికి ఎల్లట్లేదు పిన్నీ. ఈ రేటుకి పైన పూత, కింద గట్టు, టైల్సు, సింకు. అంతే."

"మరి నిన్న సెప్పనేదేటి?"

"మీరు రేటు తగ్గించమన్నారు, నాను పని తగ్గించాను. ఏది తగ్గించావని మీరు అడగనేదు."

ఆ తాపీ లాక్కుని ఉదయ్‌కుమార్ వీపు మీదే మెత్తాలనిపించింది నాకు. కానీ వదిన తిట్టలేదు. కిందే చతికిలపడిపోయింది. చేప ధర ఎంత తగ్గించినా బుట్టలోకి అదే చేప వస్తుంది, ముక్క కోసుకుని మిగిలింది ఎవడూ ఇవ్వడు. జన్మంతా అలాగే కొన్న మనిషికి, ధర తగ్గితే సరుకు కూడా తరుగుతుందని ఎలా తోస్తుంది? తను గెలిచిన ఆ లక్షా ఇరవై వేలూ మనవరాలి కింద నుంచి తీసినవేనని ఆవిడకి అప్పుడు అర్థమైంది. అది ఆవిడ మొహంలో కనపడింది, నాకు చూడబుద్ధి కాలేదు.

కాసేపటికి లేచింది. "నువ్వు మొదట సెప్పిన రేటు నిజమో, నన్ను బెదిరించడానికి సెప్పావో నాకు తెలీదు. అక్కడ కొట్టి, లోపలున్నది నాకు సూపించు," అంది.

ఉదయ్‌కుమార్ మేస్త్రీని దింపి తనే ఎక్కాడు. ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టాడో లేదో చేటంత పెళ్ళ ఊడి కింద పడింది. లోపల చిటికెనవేలు లావున ఉండాల్సిన ఊచ ఉల్లిపొరల్లా విచ్చుకుని ఉంది. వదిన స్టూలెక్కి చెయ్యి పెట్టి లాగింది. జానెడు ముక్క చేతిలోకి ఊడొచ్చింది.

సరిగ్గా అప్పుడే పైన పిల్ల ఏడ్చింది. హేమశ్రీ గబగబా గది మధ్యలోంచి ఉయ్యాల వైపు పరిగెత్తింది. మా మొహాల మీద సిమెంటు పొడి రాలింది.

"హేమా!" వదిన పైకి చూస్తూ అరిచింది. "కదలకు! పిల్లనెత్తుకుని గోడ వారమ్మటే రా! మద్దెలోకి రాకు తల్లీ, నీకు దండం పెడతాను!"

ఏం జరుగుతోందో తెలియక హేమశ్రీ ఏడుస్తూ గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే, మేం కింద నుంచి ఎదురెళ్ళాం. తల్లినీ పిల్లనీ అలాగే మా ఇంటికి తీసుకొచ్చేశాను. వదిన మా అరుగు మీద కూర్చుంది. చేతిలో ఆ ఊచ ముక్క అలాగే ఉంది.

ఉదయ్‌కుమార్ మాత్రం ఆ పూటే వంటగదిలో ఇనప జాకీలు నిలబెట్టి స్లాబుకి ఆసరా ఇచ్చి వెళ్ళాడు.

తరవాత వదిన బేరం తీరు మార్చుకుంది. మొత్తం ఎంతని అడగడం మానేసి, ఏ పనికి ఎంత, ఈ పని మానేస్తే ఇంటికి ఏమవుతుంది అని విడివిడిగా అడిగింది. సీతమ్మధారలో పని చేసే ఇంకో మేస్త్రీని పిలిచి, అవే పనులు చెప్పి రేటు అడిగింది. అతను ఉదయ్‌కుమార్ కన్నా కొంచెం ఎక్కువే చెప్పాడు. ఊచలు శుభ్రం చెయ్యడం, తినేసిన చోట కొత్తవి కట్టడం, మంచి సిమెంటుతో మళ్ళీ పొయ్యడం, వీటిలో వదిన పైసా తగ్గించమనలేదు. గ్రానైటు వద్దు, కడప రాయి చాలంది. అద్దాల అలమర్లు వద్దంది. తగ్గాల్సింది అక్కడ తగ్గింది. పని మళ్ళీ ఉదయ్‌కుమార్‌కే ఇచ్చింది.

పని సాగినన్నాళ్ళూ వదిన హార్బర్‌కి సరిగ్గా పోలేదు. మేస్త్రీల పక్కనే కూర్చుని కట్టిన ప్రతి ఊచనీ తడిమి చూసేది. వేట నుంచి వచ్చిన వీరేంద్ర, "ఏటే అమ్మా, ఆళ్ళ పని ఆళ్ళని సేసుకోనివ్వు," అని విసుక్కున్నాడు. ఆవిడ వినలేదు. పూతకి వేసిన ఇసక కూడా నాలిక మీద వేసుకుని ఉప్పదనం చూసింది. మేస్త్రీలు నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

జాకీలు తీసేసిన రోజున ఉదయ్‌కుమార్ ఆఖరి డబ్బు కోసం వచ్చాడు. వదిన డబ్బు తియ్యలేదు. కొత్త వంటగదిలో నేల మీద చాప పరిచింది.

"వీరేంద్రా, మీ బోటోళ్ళందరినీ పైకి తీసుకెళ్ళు. ఎల్లి గట్టిగా గెంతండి," అంది. అని ఆ స్లాబు కింద వెల్లకిలా పడుకుంది. "ఉదయ్‌బాబూ, నువ్వూ పడుకో."

అతను నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. చెప్పులు విప్పి, పక్కనే నేల మీద పడుకున్నాడు.

పైన గెంతులు మొదలయ్యాయి. వలలు లాగే మగవాళ్ళు, ఒక్కొక్కడూ ఏనుగు పిల్లలా ఉంటాడు. కొత్త సింకు కింద గొట్టం గలగలలాడింది. నేను గుమ్మం దాటి లోపలికి పోలేకపోయాను, భయం. వదిన కళ్ళు గట్టిగా మూసుకుని నూకాలమ్మ తల్లిని తలుచుకుంటోంది. ఉదయ్‌కుమార్ కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, స్లాబు వంకే చూస్తున్నాడు. పైనుంచి చిటికెడు సున్నం కూడా రాలలేదు.

వదిన లేచి డబ్బు మొత్తం అతని చేతిలో పెట్టింది. "నీ రేటు సరైందే బాబూ," అంది. అతను దండం పెట్టి వెళ్ళిపోయాడు. బోటువాళ్ళు టీలు తాగి పోయారు.

అప్పుడు మా ఇంట్లోకి వచ్చి, నిద్రపోతున్న మనవరాల్ని భుజానికెత్తుకుంది. పక్కబట్టలు పట్టుకుని హేమశ్రీ వెనకే నడిచింది. వదిన వీధి దాటి వాళ్ళ మెట్ల దగ్గరికి వెళ్ళింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అలాగే నిలబడింది. వీరేంద్ర పైనుంచి, "రా అమ్మా, ఏటాగిపోనావ్?" అని పిలిచాడు. ఆవిడ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, కాలు వెనక్కి తీసుకుని, తిరిగి మా గుమ్మంలోకి వచ్చింది.

"ఈ రోజుకి ఇక్కడే పడుకోనీ సూర్యకళా," అంది. "ముందు నాను పైన పడుకుని సూత్తాను."