మావయ్య ఇంట్లో పురుడు

ఆ రోజుల్లో పెళ్ళిచూపులంటే ఆడపిల్లకి ఒకటే పని, తల వంచుకుని కూర్చోవడం. తల వంచుకున్నవాళ్ళకి ఎదురుగా ఏం జరుగుతోందో తెలియదు కాబట్టి, నా పెళ్ళిచూపుల్లో ఏం జరిగిందో నాకు ఆలస్యంగా, అదీ ఒక్కొక్కరి నోటా ఒక్కో రకంగా తెలిసింది. కొంత ఇప్పటికీ తేలలేదు.

నన్ను పెంచింది మా మేనమామ. రావులపాలెం దగ్గర కౌలుకి అరటితోట చేసేవాడు. తెల్లారకముందే గెలలు కోసి, సైకిలుకి రెండువైపులా వేలాడదీసి మార్కెట్టుకి తోసుకెళ్ళేవాడు. తిరిగొచ్చి మళ్ళీ తోటలోకే. అంత కష్టపడే మనిషి గొంతు పెంచి ఎవర్నీ ఒక మాట అనగా నేను వినలేదు. గాలికి వాలిపోయిన అరటిచెట్టుని కూడా "ఏంటమ్మా, అలా ఒరిగిపోయావ్?" అని పలకరించి ఊతకర్ర పెట్టేవాడు. (తనని ఏనాడూ అంత ముద్దుగా పలకరించలేదని అత్తయ్య ఫిర్యాదు.)

ఆ ఏడు వీధిగుమ్మం పక్కన కొత్తగా పెట్టించిన కాలింగ్ బెల్ వైరుకి ఒక తేనెపిట్ట గూడు కట్టి గుడ్లు పెట్టింది. అంతే, మావయ్య వీధి తలుపు మూసేసి అందర్నీ దొడ్డిగుమ్మంలోంచి తిరగమన్నాడు. నిడదవోలు నుంచి పెళ్ళివారొచ్చే రోజున కూడా తలుపు తియ్యనివ్వలేదు. "వాళ్ళేమనుకుంటారండీ?" అని అత్తయ్య మొత్తుకుంటే, "చెప్తే అర్థం చేసుకుంటారు లేవే" అన్నాడు.

ఆ చెప్పిన తీరే కొంప ముంచింది. పెళ్ళికొడుకు, వాళ్ళ అమ్మగారూ నాన్నగారూ ఆటో దిగేసరికి మావయ్య నోటి మీద వేలేసుకుని ఎదురెళ్ళి, గుసగుసగా, "ఏమనుకోకండి, దొడ్డిదారిన రావాలండి. ఇంట్లో పురుడండి. చప్పుడైతే తల్లి బెదిరిపోద్ది" అన్నాడట. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళమా ఇద్దరమే. యాభై దాటిన అత్తయ్య, పెళ్ళికూతుర్ని నేను.

పాపం ఇదేమీ తెలియని నేను కాఫీ తెచ్చాను. ఓరకంట చూస్తే, పెళ్ళికొడుకు అమ్మగారు నా మొహం వదిలేసి పొట్టకేసే చూస్తున్నారు. కుచ్చిళ్ళు జారాయేమోనని కంగారుగా సర్దుకున్నాను. ఆవిడ అనుమానం ఇంకా బలపడింది.

"ఎన్నో నెలండీ?" అని మావయ్యని మెల్లిగా అడిగారు.

"నెలలెక్కడివండీ, రెండు వారాల్లో అయిపోద్ది!"

"మరి... తండ్రి?"

"ఆయ్, ఈ చుట్టుపక్కలే తిరుగుతుంటాడండి. మంచోడే. పిల్లలొచ్చాక తిండి తెచ్చిపెడతాడు గానీ, ఇప్పుడు కష్టమంతా ఆవిడదేనండి."

పెళ్ళికొడుకు నాన్నగారు లేచి చెప్పులు వెతుక్కోసాగారు. అత్తయ్యకి అప్పుడు వెలిగింది. "అయ్యో రామ! పిట్టండీ, పిట్ట!" అని అరిచింది. ఆ గందరగోళంలో వాళ్ళు 'పిట్ట' నా ముద్దుపేరనుకున్నారు. చివరికి మావయ్య కిటికీ రెక్క ఓరగా తీసి, ముగ్గురికీ గూడు చూపించాడు. అమ్మగారు నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక చల్లారిన కాఫీ గటగటా తాగేశారు.

వెళ్ళేటప్పుడు పెళ్ళికొడుకు, "మళ్ళీ చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారండీ?" అన్నారు. చూడ్డానికంటే నన్నా, పిట్టపిల్లల్నా? ఎవరికీ అర్థం కాలేదు. మావయ్య మాత్రం తడుముకోకుండా, "రెండు వారాలాగి రండి, గుడ్లు పిల్లలవుతాయి" అన్నాడు.

నిజంగానే వచ్చారు, ఆయనొక్కరే. కిటికీ దగ్గర మావయ్యా ఆయనా గుసగుసలాడుకున్నారు. తరవాత ఇద్దరూ తోటకెళ్ళిపోయారు. పట్టుచీర కట్టుకుని నేను సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను. వచ్చేసరికి ఇద్దరి కాళ్ళకీ మోకాళ్ళ దాకా బురద. ఆ శ్రావణంలోనే మా పెళ్ళయింది.

మావయ్య పోయి చాలా కాలమైంది. "ఆ రెండోసారి ఎవర్ని చూడ్డానికొచ్చారు?" అని ఎన్నిసార్లడిగినా మా ఆయన నవ్వేసి మాట మార్చేసేవారు. ఈమధ్య గట్టిగా నిలదీస్తే, "నిన్నూ కాదు, పిట్టల్నీ కాదు. మీ మావయ్యని" అన్నారు. కోపం రావాలి కదా, రాలేదు. పట్టుచీరలో ఉక్కపోస్తూ దొడ్డిగుమ్మం కేసి చూస్తూ కూర్చున్న ఆ వెర్రిపిల్లని తలుచుకుంటే నవ్వొచ్చింది. మరి కళ్ళెందుకు చెమర్చాయో, అదే అర్థం కాలేదు.