కాజా పరీక్ష

ఆ బడిలో కుట్లు నేర్పే టీచరుకు పిల్లలు పెట్టిన పేరు సూదమ్మ. సన్నగా ఉంటుందని కాదు, మనిషి భారీగానే ఉంటుంది. మాట గుచ్చుకుంటుందని ఆ పేరు. కింది అంతస్తు చివరి గది, అందులో నాలుగు కుట్టుమిషన్లు, ఒక పొడుగు బల్ల, కిటికీ ఊచలకు వేలాడే కొలత టేపులు. ఇదీ ఆవిడ రాజ్యం. ఆ రాజ్యంలో ఆవిడ పీరియడు ఆవిడకు నిఖార్సుగా దక్కింది లేదు. పరీక్షలు దగ్గరపడితే చాలు, లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి, "కుట్లేగా టీచర్, ఈ పూటకి నాకిచ్చెయ్యండి" అనేవాడు. అదే మాస్టారు చొక్కా గుండీ ఊడితే మళ్ళీ ఆ గదికే పరిగెత్తుకొచ్చేవాడు. సూదమ్మ గుండీ కుడుతూ నాలుగు తిట్లు కూడా తగిలించి పంపేది.

అలాంటి గదికి ఉన్నట్టుండి దశ తిరిగింది. చదువుల సంస్కరణ అన్నారు. హెడ్‌మాస్టరు స్టాఫ్‌రూములో నిలబడి, "అందరూ ఒకే చదువు చదవాలనడం అన్యాయం. చేతిపని తక్కువదేం కాదు. పదో తరగతిలో చేతిపని అబ్బిన పిల్లలకి వేరే సెక్షను పెడుతున్నాం" అన్నాడు. సూదమ్మకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకు ఒక్కడి నోటైనా ఆ మాట వచ్చింది కదా అనుకుంది. గదికి సున్నం వేయించారు, కొత్త దీపాలు పెట్టించారు. ఆవిడ మిషన్లన్నిటికీ నూనె వేసి, పిల్లల కోసం ఎదురుచూసింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక సాయంత్రం పొడుగుపిల్ల తల్లి వచ్చింది. పొడుగుపిల్ల పదో తరగతిలో వెనక బెంచీలో కూర్చుంటుంది. తల్లి ఆస్పత్రిలో వార్డులు తుడుస్తుంది. పని బట్టల్లోనే వచ్చింది.

"మా పిల్లని మీ సెక్షన్లో వేస్తున్నారంట టీచర్. ఇంక పెద్ద పరీక్ష రాయక్కర్లేదంట."

"చేతిపని బాగా వచ్చినవాళ్ళనే పంపుతామన్నారే."

"దానికి సూదిలో దారం ఎక్కించడం రాదని మీకు తెలీదా? నర్సవుతానని కూర్చుంది. ఆ పరీక్ష రాయకపోతే నర్సు చదువుకి గుమ్మం కూడా తొక్కనివ్వరంట. మా వార్డు సిస్టరమ్మ చెప్పింది."

సూదమ్మ ఇంకెవరెవరు వస్తున్నారో ఆరా తీసింది. తీసేకొద్దీ ఒళ్ళు మండిపోయింది. అందరూ లెక్కల్లో వెనకబడిన పిల్లలే. తల్లులు తుడిచేవాళ్ళు, తండ్రులు మోసేవాళ్ళు. వీళ్ళను పక్కకు తప్పిస్తే పరీక్ష రాసినవాళ్ళందరూ పాసవుతారు, బడికి నూటికి నూరు వస్తుంది. ఆ ప్రతిభ, ఆ న్యాయం, ఆ ఉపన్యాసం అన్నీ ఇందుకన్నమాట. చెత్త పోయడానికి ఒక మూల కావాలి, ఆ మూలకు సున్నం కూడా వేయించారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ హెడ్‌మాస్టరు గదిలోకి అడగకుండానే వెళ్ళింది.

"లెక్కలు రాకపోతే కుట్లు వస్తాయని మీకెవరు చెప్పారండీ?"

"అలా అనకండి టీచర్. ఈ సెక్షనుకి అనుమతివ్వడానికి రేపు కమిటీ వస్తోంది. చేతిపని ఎవరికి అబ్బిందో మీరు వాళ్ళ ముందు ఒక్క మాట చెప్తే చాలు."

"పరీక్ష పెట్టకుండా ఎలా చెప్పను?"

"పెట్టుకోండి, దానికేం."

ఎవరికి పెట్టాలో ఆయన చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ఆ మధ్యాహ్నం పదో తరగతి మొత్తాన్నీ, ముందు బెంచీ, వెనక బెంచీ అని చూడకుండా, తన గదిలో కూర్చోబెట్టింది. లెక్కల మాస్టారు తన పీరియడు పోయిందని వచ్చి గుమ్మంలో నిలబడితే, "లెక్కలేగా మాస్టారూ, ఈ పూటకి నాకిచ్చెయ్యండి" అంది.

తలా ఒక గుడ్డముక్క, సూది, దారం ఇచ్చి చేత్తో ఒక కాజా కుట్టమంది. గుండీ దూరే ఆ చిన్న చీలికను కుట్టడం చూడ్డానికే సులువు. అంచు పీచులేవకూడదు, ముడి ముడికీ దారం ఒకే బిగువులో పడాలి. పొడుగుపిల్ల రెండుసార్లు వేలు పొడుచుకుంది. చాలామంది కాజాలు గుండీ దూర్చగానే నోళ్ళు తెరిచాయి. వెనక బెంచీ వాళ్ళవీ అంతే, ముందు బెంచీ వాళ్ళవీ అంతే. ఒక్కటి మాత్రం నిలిచింది. సూదమ్మ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి తిరగేసి, మరగేసి చూసింది. అచ్చం మిషను కుట్టినట్టుంది.

మర్నాడు కమిటీ వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు, ఒక పెద్దావిడ. హెడ్‌మాస్టరు కొత్త దీపాలన్నీ వెలిగించి చూపించాడు. చేతిపని గొప్పదనం గురించి మళ్ళీ అదే ఉపన్యాసం. చివర్లో, "చెప్పండి టీచర్, చేతిపని ఎవరికి అబ్బింది?" అన్నాడు.

"ఒక్కరికేనండి. మీ అమ్మాయికి."

హెడ్‌మాస్టరు కూతురు ఆ తరగతిలో మొదటి ర్యాంకు. ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"అదెలా కుదురుతుంది? తను చదువుకునే పిల్ల."

"చేతిపని తక్కువదేం కాదన్నారుగా."

"అది వేరు టీచర్."

"ఏది వేరండీ? మీ అమ్మాయి వేరా, చేతిపని వేరా? నేనింతకాలం ఈ గదిలో నేర్పింది పని. దాన్ని మీరు శిక్ష చేశారు. ఇష్టపడి వచ్చే పిల్లని పంపండి, నెత్తిన పెట్టుకుని నేర్పుతాను. పరీక్షలో మీకు అడ్డొచ్చారని తోసేస్తే మాత్రం, వాళ్ళకి పని వచ్చని నా నోటితో చెప్పను."

పెద్దావిడ బల్ల మీదున్న ఆ కాజాను వేలితో తడిమి చూసి, "మీ అమ్మాయిని పంపుతారా మరి?" అని అడిగింది. ఆయన పంపనన్నాడు. "అయితే ఎవరినీ పంపకండి. అందరూ పరీక్ష రాస్తారు" అని లేచింది.

పొడుగుపిల్ల తన బెంచీలోనే ఉండిపోయింది. కానీ ఆ వారంలోనే కుట్టుగది మూతపడింది. మిషన్లను మెట్ల కిందికి చేర్చారు. ఆ దీపాల కింద ఇప్పుడు ర్యాంకు పిల్లలకు అదనపు క్లాసులు జరుగుతాయట. సూదమ్మ టేపులు చుట్టి సంచిలో వేసుకుంటూ, ఆ గోడలనూ, సున్నాన్నీ, హెడ్‌మాస్టరునూ కలిపి తిడుతోంది. అప్పుడు హెడ్‌మాస్టరు కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నిజంగానే బాగా కుట్టానా టీచర్? లేకపోతే నాన్న మీద కోపంతో అన్నారా?"

"కోపం ఉన్నమాట నిజమే. కాజా విషయంలో మాత్రం నేను అబద్ధమాడను. అంత బాగా కుట్టిన పిల్లని నేనింతవరకు చూళ్ళేదు."

ఆ పిల్ల ముఖం వెలిగింది. అంతలోనే ముడుచుకుపోయింది.

"మరి నాన్న ఎందుకంత సిగ్గుపడ్డాడు?"

సూదమ్మ సంచి కింద పెట్టింది. మెట్ల కిందికి వెళ్ళి, ఒక మిషను మీద గుడ్డ తీసి, పక్కనే ఉన్న ముక్కాలిపీట దాని ముందుకు లాగింది.

"ఇంటికెళ్ళాక ఆయన్నే అడుగు. ముందిలా కూర్చో."